మేలే తెచ్చిన బెరడు గుడ్డ

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే అందరూ వేపమండలు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. నేను మాత్రం ఆ మనిషి రెండు పూటలా సరిగ్గా తిన్నదా లేదా అని అడిగేదాన్ని. మగ్గాల షెడ్డులో ఎవరో మూలుగుతున్నారని పనివాళ్లు రావడం మానేస్తే, చీపురు పట్టుకుని లోపలికి పోయి పందికొక్కును తరిమింది నేనే. కాబట్టి ఇది చదివి, పాపం ఈమెకు ముందే పిచ్చి నమ్మకాలు అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తిరుత్తణి. నేతపని చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి, వాటిని మా ఆయన చూసుకుంటాడు. కండెలకు నూలు చుట్టడం నా పని. మా అమ్మాయి పెళ్లయి వెళ్లాక మేడ మీద గది ఖాళీగా ఉండడంతో అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాం.

ఆ గదిలోకి వచ్చిన పిల్లే మేలే. టోంగా అనే దేశం నుంచి వచ్చింది. మా అమ్మాయి బడిలో వాడిన పాత అట్లాసు తీసి నేను వెతికితే పసిఫిక్ సముద్రం మధ్యలో ఈగ వాలి లేచిన మచ్చంత కనిపించింది. అంత దూరం నుంచి స్కాలర్‌షిప్ మీద తిరువళ్లూరు దగ్గర ఒక కాలేజీలో చదవడానికి వచ్చింది. హాస్టల్ తిండి పడక మా ఇంట్లో చేరి, రోజూ లోకల్ ట్రైనులో పోయి వచ్చేది. మాతో ఉండి ఉండి తెలుగు బాగానే నేర్చుకుంది. మనిషి ఎంత పొడవంటే మా గుమ్మంలో తల వంచకుండా రాలేదు. తమిళంలో 'మేలే' అంటే పైన అని కదా, అది ఆ పిల్ల అసలు పేరని మా పాలాయన చివరిదాకా నమ్మలేదు. మేడ మీద ఉంటుంది కాబట్టి మేం పెట్టిన పేరనుకున్నాడు.

ఆదివారం ప్రార్థనకు పోయినా, కాలేజీలో పెద్దవాళ్లను కలవాల్సి వచ్చినా మేలే నడుముకు ఒక పట్టీ కట్టుకునేది. నారతో అల్లింది, మోకాళ్ల దాకా కుచ్చులు వేలాడేవి. స్టేషన్లో జనం గుడ్లప్పగించి చూసేవాళ్లు. ఎవడో చీపురు కట్టుకొచ్చిందన్నాడు. మొదటి ఏడాది చాలాసార్లు ఏడుస్తూ ఇంటికొచ్చింది. తీసి పెట్టెలో పెట్టు, గొడవ వదిలిపోతుంది అన్నాను ఒకసారి.

"పెద్దవాళ్ల ముందుకు ఇది లేకుండా పోతే, నువ్వు పైట లేకుండా పోయినట్టు అక్కా" అంది.

ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. పైగా ఇంకోసారి స్టేషన్లో ఒకడు నవ్వితే వాడి మీద నేనే నోరు పారేసుకున్నాను.

ఆ పిల్ల దగ్గర ఇంకొక వస్తువు ఉండేది. దాని పేరు ఙాటు. చిన్నప్పుడు పలక మీద ఙ దిద్దించి టీచరు ఎందుకు చంపుకు తిన్నదో నలభై ఏళ్లకు తెలిసింది నాకు. అది చెట్టు బెరడుతో చేసిన గుడ్డ. ఒక రకం చెట్టు లేత బెరడును ఒలిచి, నానబెట్టి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య సుత్తులతో కొట్టి కొట్టి పలచగా సాగదీస్తారు. పొరలను గంజి లాంటి జిగురుతో అంటిస్తారు. మీద గోధుమ రంగు, నలుపు ముద్రలు వేస్తారు. పోగూ లేదు, నేతా లేదు. అయినా గుడ్డే. తడిమి చూసి నేను ఆశ్చర్యపోయాను.

దాన్ని మేలే అమ్మమ్మ కొట్టింది. ఆమెకు చేతులు వణుకుతున్నాయట. ఇదే నేను కొట్టే చివరిది, డిగ్రీ పట్టా తీసుకునే రోజున కట్టుకో అని విమానం ఎక్కేటప్పుడు ఇచ్చింది. మూడేళ్లుగా మేలే దాన్ని ఒక్కసారి కూడా కట్టుకోలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి మంచం కింద దాచుకుంది.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. ఆమె పోయి ఆరేళ్లయింది. మా ముందు గదిలో ఆమెది గుంట మగ్గం ఉండేది. నేలలో గుంట తీసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నా చేతిలో రోజూ పోగులు తెగేవి. ఆమె ఒక్క మాట అనేది కాదు. మధ్యాహ్నం అన్నాలు తిని అందరం కునుకు తీసే వేళ, తనొక్కతే గుంటలో దిగి నేను తెంపిన పోగులన్నీ అతికేది. లేచి చూస్తే మగ్గం మీది నిలువు పోగుల పడుగు నిండుగా ఉండేది. ఎవరతికారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పోగులకు పట్టించే గంజి మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నీ గంజి పోగుకు పట్టదు అనేది. పురుగు పట్టకుండా అందులో నాలుగు వేపాకులు నలిపి వేసేది. ఇల్లంతా చేదు వాసన.

ఆమె పోయిన మూడు నెలలకు ఆ మగ్గం అమ్మేశాం. గుంట ఇసుకతో పూడ్చి పైన టైల్స్ వేయించాం. అమ్మమన్నది నేనే. ఆ సిగ్గుతో మేలేకు ఆ మగ్గం సంగతి ఏనాడూ చెప్పలేదు. ఆ పిల్ల వచ్చేనాటికి గుంట ఉన్నచోట సోఫా ఉంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడాది ఆడికృత్తిక పండగ వారం. మా ఊరి గుడి కొండకు కావడులు మోసుకొచ్చే జనంతో ట్రైన్లు కిక్కిరిసి ఉన్నాయి. మేలే సోమవారం పొద్దున, అయిదు రోజులు తిరునిన్రవూరులో స్నేహితురాలి ఇంట్లో ఉంటానని వెళ్లింది. శనివారం తిరిగి వస్తుంది. పట్టా ఇచ్చేది ఆ పై బుధవారం.

సోమవారం సాయంత్రం పెద్ద వాన పడి మేడ గది కారింది. నా దగ్గరున్న తాళంచెవితో తీసి చూస్తే మంచం కింద నీళ్లు. కవర్లోకి తేమ దిగి గుడ్డ ముక్కవాసన కొడుతోంది, ఒక అంచున నల్ల చుక్కలు లేచాయి. అయ్యో, ఈ పిల్ల చూస్తే గుండె పగులుతుంది అనుకున్నాను. ఇక్కడే నా తెలివి నన్ను ముంచింది.

మా ఇళ్లలో మగ్గం దిగిన గుడ్డకు మరకైనా, వాసనైనా, మొదట చేసేది నీళ్లలో నానబెట్టడం. అది నా చేతికి అలవాటు. బెరడని తెలుసు. కొబ్బరి పీచును వారాల తరబడి నీళ్లలో నానేసినా దానికేమీ కాదు, దీనికేమవుతుందిలే అనుకున్నాను. మంగళవారం పొద్దున ఆ అంచును బకెట్లో ముంచి పొయ్యి దగ్గరికి పోయాను. పావుగంట తర్వాత వచ్చి ఎత్తబోతే నా చేతికి గుడ్డ రాలేదు, పిప్పి వచ్చింది.

నడిమి నుంచి అంచు దాకా చిన్న చాట పట్టేంత కంత పడింది. మిగిలినదాన్ని రెండు చేతులతో మోసుకెళ్లి మేడ గదిలో నేల మీద పరిచాను. ఊడొచ్చిన పిప్పిని ఒక కాగితంలో చుట్టి అలమరలో పెట్టాను. గదికి తాళం వేసి తాళంచెవి మొలలో దోపుకున్నాను. ఆ గదికి ఒకటే తలుపు. కిటికీకి కోతుల కోసం ఇనుప జాలీ బిగించి ఉంది.

మా ఆయనకు కూడా చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మూడేళ్లు ఒక్కసారైనా కట్టుకోకుండా ఆ పిల్ల దాచి కాపాడుకున్నది, నేను సాయం చేస్తానని పోయి పావుగంటలో నాశనం చేశాను. అది కొట్టిన చేతులు ఇంకొకటి కొట్టలేవు. శనివారం ఏ మొహంతో చెప్పాలి?

ఆ వారం లైను పని ఉందని రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా కరెంటు తీసేసేవాళ్లు. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేవి. బుధవారం రెండు దాటాక నేను వంటింట్లో కూర్చుని ఉండగా మేడ మీద నుంచి చప్పుడు మొదలైంది.

టక్, టక్, టక్. కొయ్య మీద కొయ్య, మధ్యలో ఏదో తడిది పెట్టి కొట్టినట్టు.

చప్పుళ్ల సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. పక్క వీధిలో మగ్గం ఆడుతుంటే అది ఎవరిదో చెప్పగలను. ఇది ఏ మగ్గానిదీ కాదు. రోకలిదీ కాదు. మెట్లెక్కి పైకి పోయాను. తాళం మీద చెయ్యి వేయగానే ఆగిపోయింది. తీసి చూస్తే గదిలో ఎవరూ లేరు. గుడ్డ పరిచినట్టే ఉంది, కంత కంతలాగే ఉంది. కానీ పొద్దుటికే ఆరిపోయిన గుడ్డ మళ్లీ తడిగా ఉంది.

గురువారం అదే వేళకు మళ్లీ వచ్చింది. అప్పుడు మా ఆయన భోజనం చేస్తున్నాడు.

"కొండ మీద కావడి మేళంలేమ్మే" అన్నాడు.

మేళమైతే తోలు మోగుతుంది, ఇది కొయ్య అన్నాను. ఆయన చేతిలో ముద్ద ఆపి విన్నాడు. ఆయన కూడా పుట్టుకతో నేతగాడే. కాసేపటికి ఆయన మొహం మారింది.

"ఒకరు కాదు. ఇద్దురు కొడతా ఉండారు" అన్నాడు మెల్లగా. "ఒకరిది బరువు చెయ్యి. ఇంకొకరిది అలవాటు లేని చెయ్యి."

అప్పుడు నేను కూడా సరిగ్గా విన్నాను. నిజమే. ఒక దెబ్బ గట్టిగా, దాని వెనకే ఒకటి తేలికగా, కొంచెం ఆలస్యంగా. ఆ రోజు పైకి పోయే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. సాయంత్రం షెడ్డు పనివాళ్లు టీ తాగుతుంటే వాళ్ల మధ్య కూర్చున్నాను, ఊరికే, మనుషుల మాటలు చెవిన పడాలని. పొద్దుపోయాక మా ఆయనకు గుడ్డ సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. దాంతో ఇంకా భయం వేసింది.

శుక్రవారం నాకు భయం కన్నా కోపం ఎక్కువైంది. నా ఇంట్లో నా గదికి పోవడానికి నేనెందుకు జంకాలి? రెండు కాకముందే పోయి మేడ మెట్ల మీద పై మెట్టున కూర్చున్నాను. పట్టపగలు. ఎండ కళ్లు పొడుస్తోంది. కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. తలుపు అవతల, నాకు రెండు అడుగుల దూరంలో, దెబ్బలు మొదలయ్యాయి.

తలుపు చెక్క కూడా అదురుతోంది. అట్లా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అప్పుడు తలుపు సందులోంచి వాసన వచ్చింది. గంజి వాసన. వేపాకు వేసి కాచిన గంజి.

ఆరేళ్లుగా మా ఇంట్లో ఎవరూ అట్లా గంజి కాయలేదు. ఇప్పుడు నూలు గంజి పట్టించే మా దగ్గరికి వస్తుంది. ఆ వాసన ఎవరిదో నా ముక్కుకు తెలుసు, నా నోరే ఆ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. చివరికి తాళం తీశాను.

గదిలో ఎవరూ లేరు. కిటికీ జాలీ బిగించినట్టే ఉంది. నేల మీద గుడ్డ పరిచి ఉంది. కంత లేదు.

కంత ఉన్నచోట పాలిపోయిన రంగులో ఒక మాసిక ఉంది. దాని అంచులు పాత గుడ్డలోకి ఎంత పలచగా కలిసిపోయాయంటే వేలితో తడిమినా కుట్టు గానీ మెట్టు గానీ తగల్లేదు. మీద ముద్రలు మాత్రం లేవు. మాసిక ఒక మూలన చిటికెడు పసుపు రాసి ఉంది. కొత్త బట్ట కట్టుకునే ముందు మా ఇళ్లలో మూలన పసుపు పెడతామే, అట్లా.

తడిసిన బెరడు ఆరేటప్పుడు దానంతటదే మూసుకుందేమోనని మీరు అంటారు. నేనూ అదే అనుకోవాలని చూశాను. పరిగెత్తి పోయి అలమరలో కాగితం విప్పాను. ఊడొచ్చిన పిప్పి అంతా ఎండి ముద్దగా అందులోనే ఉంది. మరి ఆ మాసిక యాడిది? ఆ చెట్టు మా చుట్టుపక్కల ఎక్కడా లేదు.

శనివారం పొద్దున మేలే వచ్చింది. చెప్పులు విడవకముందే కూర్చోబెట్టి అంతా చెప్పాను. నానబెట్టడం మొదలు పసుపు దాకా, ఒక్కటి దాచలేదు. తిట్టు తల్లీ, నాలుగు తిట్టి పో అన్నాను. ఆ పిల్ల తిట్టలేదు. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, మాసికను ముక్కుకు ఆనించి వాసన చూసింది. తర్వాత ఫోను తీసి అమ్మమ్మకు వీడియో కాల్ చేసింది. ఇక్కడ పది గంటలు, అక్కడ సాయంత్రం అయిదున్నర.

మేలే గుడ్డ ఊసు ఇంకా ఎత్తలేదు. ముసలామే ముందు మాట్లాడింది. వాళ్ల భాషలో గబగబా ఏదో అడిగింది. మేలే మొహం తెల్లబోయింది.

"మూడు రోజులుగా ఒకటే కల వస్తోందంట అక్కా. నా గుడ్డ తడిసిపోయిందంట. తనూ, పక్కన ఎవరో ఒక పెద్దామె, ఇద్దరూ కూర్చుని బెరడు కొడుతున్నారంట. ఆ పెద్దామెకు కొట్టడం సరిగ్గా రాదంట. కానీ జిగురు తనకన్నా బాగా కాచిందంట. ఏవో చేదు ఆకులు వేసిందంట."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

ముసలామె ఇంకేదో అడిగింది, ఈసారి నన్నే చూస్తూ. మేలే దాన్ని తెలుగులో చెప్పింది.

"ఆమె కాళ్లు రెండూ నేలలో గుంట తీసి అందులో పెట్టుకుని కూర్చుందంట. అట్లా ఎందుకు కూర్చుంటుంది, కాళ్లకు చలి వేయదా అని అడుగుతోంది."

ఆ మాటకు నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. నా కాళ్ల కింద టైల్స్, టైల్స్ కింద ఇసుక, ఇసుక కింద ఆ గుంట. మా అత్త పోయినప్పుడు కూడా అంతగా ఏడవని దాన్ని, ఆ రోజు నిలబడినచోటే ఏడ్చాను. మేలే వచ్చి పట్టుకుంది.

కలలో ఆమె మొహం ఎట్లా ఉందో అడగమన్నాను. ముక్కుకు రెండు పక్కలా ఏదో మెరిసిందని చెప్పింది. మా అత్తకు రెండు వైపులా ముక్కుపుడకలు ఉండేవి. కానీ దీన్ని నేను సాక్ష్యంగా లెక్కపెట్టను. మా అత్త ఫొటో గోడ మీద ఉంది, మేలే వీడియో కాల్ చేసినప్పుడు ఎప్పుడైనా ఆ ముసలామె కంట పడి ఉండొచ్చు. ఫొటోలో మాత్రం గుంట లేదు. మేలేకు కూడా తెలియని గుంట, సముద్రాల అవతల మనిషికి ఎవరు చెప్పారు? తర్వాత వేళలు సరిచూసుకున్నాను. మాకు మధ్యాహ్నం రెండంటే వాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. ఆమె తొమ్మిదికల్లా పడుకుంటుందట.

బుధవారం తిరువళ్లూరులో పట్టా ఇచ్చే సభకు నన్ను కూడా తీసుకెళ్లింది. ఙాటును నడుము చుట్టూ కట్టుకుంది. మాసిక వెనక్కి పోయేలా తిప్పి కట్టుకో, కనపడదు అన్నాను. ముందుకే కట్టుకుంది. వేదిక ఎక్కుతుంటే వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేలే ఆగలేదు, తల దించలేదు. మాసిక మూలన పసుపు నాకు కూర్చున్నచోటికే కనిపించింది.

ఊరికి పోయే ముందు రోజు ఆ పిల్ల కత్తెర అడిగింది. ఙాటు అంచు నుంచి మూరెడు ముక్క కత్తిరించి, రెండు చేతులతో పట్టుకొచ్చి నాకిచ్చింది. వాళ్ల దేశంలో ఙాటు పనిలో చెయ్యి వేసినవాళ్లకు ఒక ముక్క ఇవ్వాలట. అమ్మమ్మ మరీ మరీ చెప్పిందట.

"నీకు కాదు అక్కా. ఆమెకు" అంది.

ఆ ముక్కను మా అత్త ఫొటో కింద పెట్టాను. పొరపాటున కూడా దాని మీద నీళ్ల చుక్క పడనివ్వను. సోఫాను పక్క గదిలోకి జరిపించాను. ఆ టైల్స్ మీద ఇప్పుడు ఏమీ పెట్టలేదు.

ఆ తర్వాత ఆ చప్పుడు మళ్లీ రాలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడల్లా కండె పక్కన పెట్టి వింటాను. ఏమీ ఉండదు. మాసిక ఎట్లా వచ్చిందో, ఎవరు కాచిన గంజో, తాళం వేసిన గదిలోకి ఎవరెట్లా పోయారో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

దెయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెబుతాను, ఇప్పటికీ. మా అత్త ఉందా అని మాత్రం నన్ను అడగొద్దు.